ఎస్‌క్యూలైట్‌లో ఏడాదికొక ఫైలు పెట్టి అటాచ్ చేసుకోవడం సబబేనా?

కృష్ణాతీరం:
మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఇప్పటిదాకా లెక్కలన్నీ ఒకే ఎస్‌క్యూలైట్ (డేటాబేస్‌ను మామూలు ఫైలుగా ఉంచే సాఫ్ట్‌వేర్) ఫైలులో ఉన్నాయి. ఇకపై ఆర్థిక సంవత్సరానికొక ఫైలు చొప్పున విడదీసి, పాత ఏడాదుల నివేదిక అడిగినప్పుడు ఆ ఫైళ్లను అటాచ్ చేయాలన్నది (అంటే అదే కనెక్షన్‌కు జతచేయాలన్నది) నా ఆలోచన. జర్నల్ పద్ధతి (రాత మధ్యలో ఆగినా ఫైలు చెడకుండా కాపాడేది) డబ్ల్యూఏఎల్, అంటే మార్పులను ముందు పక్కనున్న లాగ్ ఫైలులో రాసేది. నివేదికలు త్వరగా రావడానికి టెంప్ స్టోర్‌ను (తాత్కాలిక పట్టికలు ఉండే చోటును) మెమరీకి మార్చాలని కూడా అనుకుంటున్నాను. అభ్యంతరాలుంటే తెలుపగలరు.

పల్నాడు:
కృష్ణాతీరం గారూ, నా అభ్యంతరం డబ్ల్యూఏఎల్ దగ్గరే మొదలవుతుంది. రోల్‌బ్యాక్ జర్నల్ (మార్చే ముందు పాత డేటాను దాచుకునే పద్ధతి) ఉన్నప్పుడు, ఒకే ట్రాన్సాక్షన్‌లో (ఒక్క పనిగా జరగవలసిన మార్పుల గుంపులో) రెండు మూడు ఫైళ్లను మార్చినా, వాటన్నిటికీ కలిపి ఎస్‌క్యూలైట్ ఒక సూపర్ జర్నల్ రాసుకుంటుంది కనుక, కమిట్ (మార్పులను ఖాయం చేసే దశ) మధ్యలో కరెంటు పోతే మార్పులు అన్నింటిలోనూ నిలుస్తాయి, లేదా దేనిలోనూ నిలవవు. డబ్ల్యూఏఎల్‌లో ఈ హామీ ఒక్కొక్క ఫైలుకు విడివిడిగానే ఉంటుంది. మార్చి 31న పాత ఫైలులో ముగింపు నిల్వను, కొత్త ఫైలులో ప్రారంభ నిల్వను రాస్తుండగా కంప్యూటర్ ఆగిపోతే, ఒకటి పడి మరొకటి పడకపోవచ్చు. ఆ తేడాను ఏ సందేశమూ పట్టి చూపదు. మందుల లెక్కలో దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

గోదారిగట్టు:
అది రెండు ఫైళ్లలో ఒకేసారి రాసేవారికి వర్తించే మాట. ప్రారంభ నిల్వను పాత ఫైలు నుంచి చదివి కొత్త ఫైలులో మాత్రమే రాస్తే ఆ చిక్కే రాదు. ముగిసిన ఏడాది ఫైలు ఇక మారదు కనుక దాని బ్యాకప్ ఒక్కసారి తీస్తే చాలు. వాక్యూమ్ చేయడానికి (ఫైలులోని వృథా జాగాను తీసేసి తిరగరాయడానికి) అసలు ఫైలుకు రెండింతల దాకా ఖాళీ జాగా కావలసి రావచ్చు. ఏటేటా పెరిగే ఒకే ఫైలుతో పాత కంప్యూటర్లలో అది కష్టమవుతుంది. అటాచ్‌కు మామూలు పరిమితి 10 ఫైళ్లు, కంపైల్ చేసేటప్పుడు పెంచుకున్నా 125 దాటదు. దుకాణానికి 10 చాలు. అయితే ఏడాది మూసేటప్పుడు ఆ ఫైలును డబ్ల్యూఏఎల్ నుంచి డిలీట్ జర్నల్‌కు (రోల్‌బ్యాక్ జర్నల్‌లో మామూలు రకానికి) తప్పక మార్చండి, లేకపోతే చదవడానికి మాత్రమే తెరిచినప్పుడు దాని పక్క ఫైళ్ల విషయంలో ఇబ్బంది పడతారు.

పల్నాడు:
గోదారిగట్టు గారూ, ఏడాది నిజంగా మూతపడుతుందా? మార్చిలో అమ్మిన మందు ఏప్రిల్‌లో వాపసు వస్తుంది. పాత బిల్లులో వాపసు సంఖ్యను దిద్దాలంటే మళ్లీ రెండు ఫైళ్లలో రాయవలసిందే.

గోదారిగట్టు:
దిద్దనక్కరలేదు. పాత బిల్లు నంబరును పేర్కొంటూ వాపసును కొత్త ఫైలులోనే నమోదు చేయాలి. పాత బిల్లును ముట్టుకోకపోవడమే లెక్కల పద్ధతికి కూడా సరైనది.

మంజీర:
టెంప్ విషయం ఎవరూ ఎత్తలేదు. టెంప్ స్టోర్ ఫైలుగా ఉన్నా చిన్న టెంప్ పట్టికలు పేజీ క్యాషె (మెమరీలో డేటా ఉంచుకునే చోటు) నిండేవరకు డిస్క్ మీదికి పోవు. కాబట్టి మెమరీకి మార్చితే వాటికి దక్కే వేగం స్వల్పం. కానీ ఐదేళ్ల బిల్లులను కలిపి వరుస పెట్టమన్నప్పుడు ఆ భారమంతా ర్యామ్ మీదే పడుతుంది. కనెక్షన్ మధ్యలో ఈ అమరిక మార్చితే అప్పటిదాకా ఉన్న టెంప్ పట్టికలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

ఇంతకన్నా ప్రమాదకరమైనది పేర్ల వరుస. డేటాబేస్ పేరు లేకుండా పట్టిక పేరు మాత్రమే రాస్తే ఎస్‌క్యూలైట్ మొదట టెంప్‌లో, తరువాత మెయిన్‌లో (మొదట తెరిచిన ఫైలులో), ఆపైన అటాచ్ చేసిన క్రమంలో వెతుకుతుంది. టెంప్‌లోనూ మెయిన్‌లోనూ బిల్లుల పట్టిక ఒకే పేరుతో ఉండి, డ్రాప్ (పట్టికను తొలగించే) ఆదేశం పొరపాటున రెండుసార్లు నడిస్తే, మొదటిసారి తాత్కాలిక పట్టిక పోతుంది, రెండోసారి అసలు పట్టికే పోతుంది. ప్రతి పట్టిక పేరుకు ముందు డేటాబేస్ పేరు రాయనిదే ఈ పద్ధతిని మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. టెంప్ స్టోర్‌ను మార్చను. ఏ ట్రాన్సాక్షన్‌లోనైనా ఒకే ఫైలులో రాసేలా, వాపసులు కొత్త ఫైలులోకే వెళ్లేలా సరిచేస్తాను.

పల్నాడు:
అలాగైతే నా మొదటి అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటాను. కానీ ఫారిన్ కీ (ఒక పట్టికలోని సంఖ్య మరో పట్టికలో ఉండి తీరాలన్న నియమం) ఒక ఫైలు నుంచి మరొక ఫైలుకు పనిచేయదు కనుక, మందుల జాబితా ప్రతి ఏడాది ఫైలులోనూ ఉండాలి. ఒకే మందుకు రెండు ఫైళ్లలో రెండు సంకేత సంఖ్యలు పడకుండా మీరు ఏం చేయబోతున్నారో చెప్పేవరకు నేను ఒకే ఫైలు పక్షానే ఉంటాను.