స్కూలు లైబ్రరీకి గది దొరికింది, ఎలా సర్దుకోవాలి?

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇన్నేళ్లూ మా లైబ్రరీ అంటే స్టాఫ్‌రూమ్‌లో తాళం వేసిన రెండు బీరువాలే. తెరిస్తే కలరా ఉండల వాసన, అడుగు వరసలో చెదలు తినేసిన అట్టలు. ఈ ఏడాది ఎట్టకేలకు ఒక ఖాళీ గది ఇచ్చారు. 20 అడుగులు, 30 అడుగులు. పుస్తకాలు 1,400 దాకా తేలాయి. దాతలిచ్చిన పాత పోటీ పరీక్షల గైడ్లు తీసేస్తే ఇంకా తగ్గుతాయి, అవి తీసేయాలనే నా ఉద్దేశం.

పడమటి వైపు రెండు కిటికీలు. మధ్యాహ్నం మూడైతే ఎండ తిన్నగా ఎదుటి గోడ మీద పడుతుంది, అక్కడ పెడితే అట్టలు వెలిసిపోతాయి. ఉత్తరం గోడకి అవతల నీళ్ల ట్యాంకు, వానాకాలం చెమ్మ. మిగిలింది దక్షిణం గోడ, తలుపున్న గోడలో కాస్త. అందుకని ర్యాకులు గోడలకి కాకుండా గది మధ్యలో, ఆరో తరగతి పిల్లలకి చెయ్యందే ఎత్తులో పెడితే? ఎవరైనా అలా చేశారా? పిల్లలు ఎక్కితే ఒరిగిపోవా? కూర్చోడానికి జంపఖానాలు చాలనుకుంటున్నాను, కుర్చీలకి డబ్బుల్లేవు.

ఇంకొకటి. పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. ఆ నంబరు చూసి మా పిల్లలు కథల పుస్తకం వెతుక్కోగలరా? కథలకి ఎరుపు, సైన్సుకి ఆకుపచ్చ అని రంగు కాగితాలు అంటిస్తే సరిపోతుందా, తర్వాత పుస్తకాలు పెరిగాక తలనొప్పవుతుందా? లైబ్రేరియన్ లేరు, నేనూ నలుగురు తొమ్మిదో తరగతి పిల్లలమే. చేసినవాళ్లు చెప్పండి, వీలైతే ఫోటోలూ పెట్టండి.