రెండో ప్రాసెసర్ వేస్తే పాత డెస్క్‌టాప్ వేగం రెట్టింపవుతుందా?

నాగావళి ఒడ్డు:
శ్రీకాకుళంలో మా మామయ్య డీటీపీ షాపు మూసేస్తూ పాత కంప్యూటర్ నాకిచ్చారు. మూత తీస్తే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ స్లాట్లు రెండున్నాయి. ఒకదానిలో 600 మెగాహెర్ట్జ్ పెంటియం 3, రెండోదానిలో చిప్ లేని చిన్న కార్డు. అలాంటి ప్రాసెసరే ఇంకొకటి తుక్కు కొట్లో దొరికింది. వేస్తే వేగం రెట్టింపవుతుందా? ప్రస్తుతం విండోస్ 98 ఉంది. పాత పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు తెరవడమే నా పని.

కోట జంక్షన్:
విండోస్ 98 ఉన్నంతకాలం రెండోది కరెంటు తాగి వేడి వదలడం తప్ప ఏమీ చేయదు. 95, 98, ఎంఈ మూడింటికీ ఒక్క ప్రాసెసరే తెలుసు. ఎన్‌టీ 4, విండోస్ 2000, ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే రెండింటినీ వాడుకుంటాయి. ఎక్స్‌పీ హోమ్‌కు మళ్లీ ఒకటే. ఇది తెలియక హోమ్ వేసుకుని రెండు రోజులు బోర్డును తిట్టిన ఘనత నాది.

డీటీపీ మాష్టారు:
విజయనగరంలో అలాంటి యంత్రం మీదే నేను చాలా ఏళ్లు అన్నం తిన్నాను. సిరిమానోత్సవానికి ముందు పోస్టర్లు, కరపత్రాలు ఒక్కసారిగా వచ్చి మీద పడేవి. ఒక్క ప్రాసెసర్ ఉన్న రోజుల్లో పెద్ద ఫోటోషాప్ ఫైలు ప్రింటుకు పంపితే, అది ముగిసేదాకా పేజ్‌మేకర్‌లో కొట్టిన ఒత్తు తెర మీదికి వచ్చేది కాదు. ఈలోగా వీధి చివర టీ తాగి రావచ్చు. విండోస్ 2000 వేసి రెండోది పెట్టాక ప్రింటేమీ త్వరగా రాలేదు. అది వస్తుండగానే ఇంకో ఫైలు దిద్దుకోగలిగాం, మాకు దక్కింది అదే. పేజ్‌మేకర్ ఒక్కటే నడిపితే తేడా సున్నా. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం చూపే అంకె 50 శాతం దగ్గరే ఆగిపోయేది. ఒకటి చాకిరీ చేస్తుంటే రెండోది చూస్తూ కూర్చునేదన్న మాట. ఫోటోషాప్‌లో కొన్ని ఫిల్టర్లు మాత్రం రెండింటికీ పని పెట్టేవి.

బొబ్బిలి విద్యార్థి:
కాలేజీ రోజుల్లో మా గదిలో ఏబిట్ బీపీ6 బోర్డు, దాని మీద రెండు సెలెరాన్ 366లు (ఇంటెల్ చవక ప్రాసెసర్లు) ఉండేవి. సెలెరాన్లను జంటగా నడపాలని ఇంటెల్ ఎన్నడూ అనుకోలేదు, 1999లో వచ్చిన ఆ బోర్డు మాత్రం నడిపించి చూపింది. లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కంపైల్ చేస్తే, అంటే దాని కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మారిస్తే, పావుగంట పని తొమ్మిది నిమిషాల్లో అయ్యేది. వందల ఫైళ్లు దేనికదే కంపైల్ అవుతాయి కదా, పంచుకోవడం తేలిక. సగమే పంచుకోగల పనైతే 100 సెకన్లది 75కు దిగుతుంది, అంతకు మించి దిగదు.
ఇంకో సంగతి. పెంటియం 3లు రెండూ మెమరీ దగ్గరకు ఒకే బస్సు (డేటా నడిచే దారి) మీద వెళ్లాలి. 100 మెగాహెర్ట్జ్ బస్సైతే సెకనుకు 800 మెగాబైట్లు, అదీ ఇద్దరికీ కలిపి. పల్లెవెలుగు లాగే, ఎంతమంది ఎక్కినా తలుపు ఒకటే. ఏఎమ్‌డీ అథ్లాన్ ఎంపీలో ప్రాసెసర్‌కో బస్సు ఇచ్చారు.

రాజాం రైతుబిడ్డ:
ముందు ర్యామ్ ఎంతుందో చెప్పండి. 64 ఎంబీతో విండోస్ 2000 వేస్తే రెండు కాదు, నాలుగు ప్రాసెసర్లు పెట్టినా హార్డ్ డిస్క్ గిలగిల కొట్టుకోవడమే చూస్తారు.

నాగావళి ఒడ్డు:
128 ఉంది. విండోస్ 2000 వేశాక రెండోది పెట్టాను. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ గ్రాఫ్ మాత్రం ఇంకా ఒకటే కనిపిస్తోంది.

కోట జంక్షన్:
ఒకటే ఉన్నప్పుడు విండోస్ వేశారు కాబట్టి అది అలాగే స్థిరపడిపోయింది. డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ అన్న చోట ఏసీపీఐ యూనిప్రాసెసర్ అని ఉంటే, డ్రైవర్ మార్చి ఏసీపీఐ మల్టీప్రాసెసర్ ఎంచుకోండి. ఫైళ్లు ముందే వేరే చోట దాచుకోండి, తప్పుది ఎంచుకుంటే యంత్రం లేవదు. ఆ చిప్ లేని కార్డు టెర్మినేటర్. పారేయకండి. ఎప్పుడైనా రెండో ప్రాసెసర్ తీసేస్తే ఖాళీ స్లాట్‌లో మళ్లీ అదే పెట్టాలి. రెండు ప్రాసెసర్ల వేగం, బస్సు వేగం ఒకటేనా అన్నది కూడా చూశారు కదా?

నాగావళి ఒడ్డు:
చూశాను, ఒకటే. మార్చాక గ్రాఫ్‌లు రెండయ్యాయి. సంబరంగా మామయ్యను పిలిచాను. ఆయన పాత శుభలేఖ ఫైలు తెరిచి, రెండు పేజీలు తిప్పి, "ఇదివరకూ ఇలాగే ఉండేది కదరా" అన్నారు. మాష్టారి మాట గుర్తొచ్చి ఒక పెద్ద ఫోటో ప్రింటుకు పెట్టి మళ్లీ టైపు చేయమన్నాను. ఈసారి ఏమీ అనలేదు, లేవనూ లేదు. ర్యామ్ కోసం మళ్లీ తుక్కు కొట్టుకు వెళ్తున్నాను.