చూడనిదాన్ని చూశానంటున్న తాతయ్య మాటను ఎలా రాయాలి?

పర్లాకిమిడి మనవడు:
మా తాతయ్యకి 91 ఏళ్లు. ఆయన చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని జ్ఞాపకాలు రాస్తున్నాను. 40 పేజీలయ్యాక ఒకచోట ఆగిపోయాను. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్లాక, గిడుగు రామమూర్తి పంతులుగారు రాజమండ్రికి వెళ్లిపోయిన రోజు తాను వీధిలో నిలబడి చూశానంటారు. రెండెడ్ల బండి, గోనెసంచుల నిండా సవర గిరిజనుల మాటలు రాసిన కాగితాలు. ఎడమ ఎద్దు కుంటుతోందట. లెక్క చూస్తే అప్పటికి తాతయ్యకి రెండేళ్లు.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నాకూ ఇలాగే జరిగింది. 1991 నాటి సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటలో గాంధీ అణుబాంబులు వేస్తాడని, ఆయన దూకుడు అంకె 1లోంచి 2 తీసేసరికి, సున్నా కన్నా కిందికి పోలేక తిరిగి అన్నిటికన్నా పెద్ద అంకె 255 అయిపోయేదని చెప్పుకుంటారు కదా. బరంపురం నెట్ సెంటర్‌లో ఆ తప్పు కళ్లారా చూశానని పదేళ్లు చెప్పాను. ఆ ఆట చేసిన సిడ్ మెయర్ 2020లో తన జ్ఞాపకాల్లో అలాంటి తప్పే లేదని రాశారు. ఆలోచిస్తే నేను ఆడింది మూడో భాగం. మొదటిది ముట్టుకోనే లేదు! అయినా ఆ స్క్రీన్ ఇప్పటికీ కళ్లముందు ఆడుతోంది.

బండి సంగతి ఉంచాలా, తీసెయ్యాలా?

బరంపురం టీచర్:
తీసెయ్యకండి బాబూ. సరిహద్దు అంటే కాగితం మీద గీత. దాన్ని రెండేళ్ల పిల్లాడికి ఎలా చూపిస్తారు? బండి అయితే చూపించొచ్చు. 255 కథ కూడా అంతే, ఒక్క ముక్కలో కారణం దొరికింది కాబట్టే అందరి నోళ్లలో నానింది. పైగా 2010లో వచ్చిన ఐదో భాగంలో గాంధీని కావాలనే బాంబుల మనిషిని చేశారు. ఇక తర్వాత ఆడినవాళ్లకి అది చరిత్రే అయిపోయింది. తాతయ్యగారికి ఎవరు చెప్పారో మాత్రం అడగండి.

గుణుపురం లైన్:
నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లోనే వచ్చింది. మా ఊరికి 1931లో. రాజమండ్రి వెళ్లాలంటే నౌపడలో పెద్ద లైను ఎక్కొచ్చు. కాబట్టి బండి ఉన్నా స్టేషన్ దాకానే అయ్యుండొచ్చు. గోనెసంచుల మాట మాత్రం కొట్టిపారెయ్యకండి. పంతులుగారి సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1938లో. వెళ్లేనాటికి ఆ పని ఇంకా నడుస్తూ ఉండాలి.

పర్లాకిమిడి మనవడు:
నిన్న రాత్రి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న ఎద్దు కుంటినట్టు నడిచి చూపించేవాడురా" అన్నారు. మంచం మీద నుంచి లేచి, గోడ పట్టుకుని, ఎడమకాలు ఈడుస్తూ నాలుగడుగులు వేశారు. అన్నం తినడానికి పిలిచినా రాలేదు.

'చూశాను' అన్న ఆయన మాటను అలాగే ఉంచాను. దాని కింద, ముత్తాత నడిచి చూపించిన సంగతి, ఆ నాలుగడుగులు రాశాను. రైలు సంగతి పొద్దున్న చెప్తాను.