పాత గేరు సైకిలు కొని బాగు చేయించుకోవాలా, ఆ డబ్బుతో కొత్తది కొనాలా?

పానగల్లు కట్ట:
నల్లగొండలో తెలిసినవారి ఇంటి సెల్లారులో ట్రెక్ 830 అనే గుట్టల సైకిలు (మౌంటెన్ బైకు) ఒకటి పడి ఉంది. అమెరికా నుంచి తిరిగి వచ్చేటప్పుడు సామానుతో పాటు తెచ్చుకున్నారట, ఆ తర్వాత దాన్ని ఎవరూ ఎక్కలేదు. క్రోమోలీ ఉక్కు ఫ్రేము, షాకులు లేని మామూలు ఫోర్కు, వెనక ఏడు గేర్లు, రిమ్మును రెండు పక్కల నుంచి నొక్కే పాతరకం కాంటిలివర్ బ్రేకులు. టైర్లు ఎండి పక్కలు పగిలాయి. గేరు మీట నొక్కితే పట్టు లేకుండా జారిపోతోంది. 9,000 అడుగుతున్నారు. పైన మరో ఏడెనిమిది వేలు అవుతాయని నా అంచనా. ఆ డబ్బుకు డిస్కు బ్రేకుల కొత్త సైకిలే వస్తుంది కదా అని ఇంట్లో పోరు. నేను తొక్కేది పొద్దున్నే ఉదయసముద్రం కట్ట వైపు, సెలవు రోజున చెర్వుగట్టు దాకా, అప్పుడప్పుడు గుట్టల కింద మట్టి బాటల్లో. పోటీలూ గీటీలూ లేవు. కొనమంటారా?

లెక్కల మాస్టారు:
వద్దు. మీ ఇంట్లోవారి మాటే నా మాట. 9,000 అనేది లోపలికి అడుగు పెట్టడానికి ఇచ్చే టికెట్టు మాత్రమే. టైర్లు, ట్యూబులు, చైను, కేబుళ్లు, బ్రేకు రబ్బర్లు తెలిసిన ఖర్చులు. తెలియనివి విప్పాక బయటపడతాయి. పైగా మన ఊళ్లో ఇలాంటి సైకిలును చేతిలోకి తీసుకునే మెకానిక్కులు ఎందరు? ఒక్క నట్టు కోసం కోఠీ దాకా పోయి రావాలంటే బస్సు చార్జీలు పోను ఒక రోజు సెలవు కూడా పోతుంది. మే నెల ఎండలో నార్కట్‌పల్లి రోడ్డు మీద చైను తెగితే ఫ్రేము గొప్పదనం మిమ్మల్ని ఇంటికి చేర్చదు.

గుట్టదారి:
మాస్టారూ, చైను కొత్త సైకిలుకైనా తెగుతుంది. అసలు 17,000కు వచ్చే కొత్త సైకిలులో ఏముంటుందో చూద్దాం. ముందు ఫోర్కులో ఒక స్ప్రింగు ఉంటుంది, దాన్ని అదుపు చేసేది ఏదీ ఉండదు. ఎక్కు వచ్చినప్పుడు లేచి తొక్కితే సగం బలం అది ఊగడానికే సరిపోతుంది. ఆ ఫోర్కు ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. వెనక చాలావాటిలో ఫ్రీవీలు, అంటే పళ్లచక్రాల గుత్తి, హబ్బు (చక్రం నడిమి గుండు) మీద మరతో బిగించే రకం. అందులో కుడివైపు బేరింగు గోలీలు బాగా లోపలికి ఉండిపోయి, ఇరుసు చివరి భాగానికి ఆనిక ఉండదు. బరువైన మనిషి గుంతల్లో తొక్కితే ఇరుసు వంగేది అక్కడే. పళ్లచక్రాలను హబ్బు మీద తొడిగే క్యాసెట్టు రకంలో గోలీలు దాదాపు ఇరుసు చివరన ఉంటాయి కాబట్టి ఆ బాధ తక్కువ. మీరు చెప్పిన సైకిలుకు ఉన్నది క్యాసెట్టేనా అన్నది ముందు చూసుకోండి.

కాంటిలివర్ బ్రేకులు అంటున్నారు కాబట్టి బహుశా 1996కు ముందుదై ఉంటుంది. వాటి బదులు పొడుగు చేతుల వీ బ్రేకులను విడిభాగాల కంపెనీ షిమానో తెచ్చింది ఆ ఏడే. ఆ కాలపు సైకిలుకు షాకులు లేకపోవడం అదృష్టం. అప్పటి షాకుల్లో రబ్బరులాంటి దిమ్మలు పెట్టేవారు, ఇన్నేళ్లకు అవి జిగటగానో పొడిగానో మారిపోయి ఉంటాయి.

ఇక డబ్బు ఇచ్చే ముందు పట్టపగలు, బయట వెలుతురులో పెట్టి చూడవలసినవి చెబుతాను. హ్యాండిలు గొట్టం వెనక, కింది గొట్టం అడుగున రంగు ముడతలు పడి ఉంటే అది ఎక్కడో ముందు నుంచి గట్టిగా గుద్దుకుందని అర్థం, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. బ్రేకు రబ్బరు రాసుకునే చోట రిమ్ము మీద వేలు పెట్టండి, లోపలికి గుంట పడి ఉంటే రిమ్ము అరిగిపోయినట్టే. చైను మీద స్కేలు పెట్టండి. ఒక పిన్ను మధ్యలో సున్నా ఉంచితే 12వ అంగుళం కూడా సరిగ్గా పిన్ను మధ్యలోనే పడాలి. పదహారో వంతు అంగుళం దాటి పోతే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్లచక్రాలూ పోయినట్టే. అన్నిటికన్నా ముఖ్యం సీటు పిల్లరు, అంటే సీటు కింద ఫ్రేములోకి దిగే గొట్టం. బోల్టు వదులు చేసి అటూ ఇటూ తిప్పి చూడండి. అది కదలకపోతే బేరం సంగతి వేరుగా ఉంటుంది.

దేవరకొండ సవారీ:
ఫొటో పెట్టకుండా సైకిలు చర్చ ఏమిటండీ! పైగా మీ ఎత్తెంతో చెప్పలేదు. ఫ్రేము మీకు సరిపోకపోతే ఇదంతా దండగ.

పాలమూరు చక్రం:
మహబూబ్‌నగర్‌లో నేను సొంతంగా ఇలాంటివి విప్పి బిగిస్తుంటాను. మాస్టారు భయపెట్టినంత లేదు, గుట్టదారి చెప్పినంత సుఖమూ లేదు. గోలీలు ఏ సైకిలు దుకాణంలోనైనా దొరుకుతాయి. వెనక హబ్బుకూ పెడల్ చేతుల మధ్య ఇరుసుకూ పావు అంగుళం గోలీలు, ముందు హబ్బుకు 3/16. గ్రీజు, కేబుళ్లు సరేసరి. జారిపోతున్న గేరు మీట చాలాసార్లు విరిగినది కాదు, లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది. కిరోసిన్ ధారగా పోస్తూ మీట ఆడిస్తూ ఉంటే లోపలి కొక్కెం మళ్లీ పట్టుకుంటుంది. ఆరిన తర్వాత కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి.

టైరు దగ్గర మాత్రం జాగ్రత్త. పాత రోడ్డు సైకిళ్ల 26 x 1 3/8 టైరు మీదా 26 అనే ఉంటుంది, గుట్టల సైకిలు 26 x 1.95 టైరు మీదా 26 అనే ఉంటుంది. మొదటిదాని రిమ్ము 590 మిల్లీమీటర్లు, రెండోదానిది 559. ఒకదానిది మరొకదానికి పట్టదు. దుకాణంలో "ఇరవయ్యారు ఇవ్వండి" అని ఊరుకోకుండా పక్కన అచ్చువేసిన 559 చూసి కొనండి.

ఇంకొకటి, పెడల్ చేతులు. మన మెకానిక్కులకు, మామూలు సైకిళ్లలో ఆ చేతిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్నును సుత్తితో కొట్టి ఊడదీసే అలవాటు. దీనికి ఆ పిన్ను ఉండదు, పలకల ఇరుసు మీద అల్యూమినియం చెయ్యి బిగిసి ఉంటుంది. పుల్లర్ అనే లాగుడు పనిముట్టు పెట్టి లాగాల్సిందే. సుత్తి పడిందంటే ఇరుసూ పోతుంది, చెయ్యీ పోతుంది. లోపలి కుడివైపు కప్పు మర కూడా తిరగేసి ఉంటుంది, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. పుల్లర్ మీరే కొనుక్కుని మెకానిక్కు పక్కన నిలబడండి.

అసలు రూపం:
బాగు చేయడం వేరు, పాడు చేయడం వేరు. ఆ కాలపు మీటలు, బ్రేకులు, స్టిక్కర్లతో సహా అలాగే నిలపాలి. వీ బ్రేకులు తగిలించి, కొత్త రంగు కొట్టించి, దొరికిన సామానంతా బిగిస్తే ఇక పాత సైకిలు కొన్నది ఎందుకు?

గుట్టదారి:
తొక్కడానికి. 830 రోజూ తొక్కే మామూలు మోడలు, అద్దాల పెట్టెలో పెట్టుకునేది కాదు. స్టిక్కర్లు ఉంచుకోండి, రంగు కొట్టించవద్దు, అంతవరకు మీతో ఒప్పుకుంటాను. కాని అరిగిన చైనుకు చరిత్ర ఏముంది? ఒక్క సంగతి మాత్రం నిజం. వీ బ్రేకులు ఫ్రేముకున్న అవే మేకుల మీద కూర్చుంటాయి కాని, హ్యాండిలు మీది పాత బ్రేకు పిడులతో పనిచేయవు. కేబులు ఎక్కువ లాగే పిడులు కావాలి. కాంటిలివర్లకే కొత్త రబ్బర్లు వేసి, కేబులు సరిగా బిగిస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

లెక్కల మాస్టారు:
చూశారా, ఇప్పటికే పుల్లర్, కొత్త పిడులు అంటూ లెక్క పెరుగుతోంది. రేపు క్యాసెట్టు దొరకదు. ఆ కాలపు సామాను చేసే కంపెనీలు ఉన్నాయో లేవో.

పాలమూరు చక్రం:
ఏడు గేర్ల క్యాసెట్లు ఇప్పటికీ వస్తున్నాయి మాస్టారూ. కంపెనీ పోయినా కొలత పోదు. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది, అదీ ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే. మన పల్లెల్లో అట్లాసులు తిరగడం మానేశాయా? ఎవరు చేసిన సామాను అయినా కొలత కలిస్తే బిగుస్తుంది.

పానగల్లు కట్ట:
అందరికీ ధన్యవాదాలు. వెళ్లి చూశాను. ఎత్తు సరిపోయింది, ముడతలు లేవు, రిమ్ములు చదునుగా ఉన్నాయి, క్యాసెట్టు రకమే. చైను ఎనిమిదో వంతు దాటింది. సీటు పిల్లరు మాత్రం ఇంచు కూడా కదలలేదు. గ్యాసు మంటతో వేడి చేస్తే వస్తుందని మా వీధి మెకానిక్కు అంటున్నాడు.

గుట్టదారి:
మంట వద్దు! పిల్లరు అల్యూమినియం, ఫ్రేము ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, అంటే మరింత బిగుస్తుంది. రంగు కాలిపోవడం అదనం. చల్లబరచాలి. చొచ్చుకుపోయే నూనె చుట్టూ పోసి కొన్ని రోజులు వదలండి. తర్వాత పాత సీటు బిగించి ఉంచే, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పిల్లరుకు అదిమిపెట్టి, మెలితిప్పుతూ లాగండి. ఎవరైనా కాస్టిక్ సోడా పోయమంటే వినవద్దు, అది అల్యూమినియాన్ని కరిగిస్తూ మండే వాయువు వదులుతుంది, కళ్లకూ ప్రమాదం.

లెక్కల మాస్టారు:
పిల్లరు కదిలేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి. కదలకపోతే ఎత్తు మార్చలేని సైకిలు అది, దానికి తగ్గ ధరే అడగండి.

పానగల్లు కట్ట:
సెల్లారులోనే నూనె పోసి వదిలి వచ్చాను. ఆ తర్వాత ఐసుతో, మా తమ్ముడు ఫ్రేము పట్టుకోగా, కీచుమంటూ తిరిగింది. బయటికి వచ్చిన పిల్లరు మీద తెల్లని పొడి పేరుకుని ఉంది, పైపొరను తుప్పు కొంచెం తినేసింది. చైను, పళ్లచక్రాలు, ఈ పిల్లరు చూపించి బేరమాడితే 6,000కు ఇచ్చారు. తీసుకున్నాను. పిల్లరుకు గ్రీజు పూసి మళ్లీ దింపాను. ఇప్పుడు టైర్లు. గుబ్బలున్నవా, నున్నటివా?

పాలమూరు చక్రం:
మధ్యలో నున్నగా, పక్కల గుబ్బలుండే రకం తీసుకోండి. కట్ట మీద మోత ఉండదు, చెలక బాటలో జారదు. గుట్టల కింద తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఎలాగూ తప్పవు. టైరుకూ ట్యూబుకూ మధ్య పాత ట్యూబును చీల్చి పరవండి, అంచులు మాత్రం పలచగా చెక్కండి, లేకపోతే ఆ అంచే రాసుకుని పంక్చరు చేస్తుంది.

లెక్కల మాస్టారు:
9,000 కాస్తా 6,000 అయిందంటే అందులో నా "వద్దు"కూ వాటా ఉంది. బిల్లులన్నీ ఇక్కడ పెట్టండి, కూడిక నేను చేస్తాను.