మంచి సైట్లు, మన అభిరుచే ఉన్న మనుషులు మీకెలా దొరికారు? (బెంగళూరు, బాల్కనీ తోట)

మూడో_అంతస్తు_మందారం:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. పెళ్ళయ్యాక మూడేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ, పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఎండ పడుతుంది. 22 కుండీలున్నాయి: మందారాలు, వంగ, కరివేపాకు, గోంగూర, ఒక నిమ్మ.

నేను అడగబోయేది మొక్కల గురించి కాదు, మొక్కల గురించి తెలిసినవాళ్ళు ఎక్కడుంటారని. మందారానికి పిండినల్లి (తెల్లటి దూదిలా అంటుకునే పురుగు) పట్టింది. ఏ మాట పెట్టి వెతికినా ముందు మందులమ్మే షాపులు, వాటి కింద "ఇదొక్కటి చల్లితే చాలు" అనే వీడియోలు, ఆ కింద ఒకదాన్ని చూసి ఇంకోటి రాసిన వ్యాసాలు. అందరూ వేపనూనె, సబ్బునీళ్ళు అనే చెప్తారు. చల్లాను, వారం తగ్గి మళ్ళీ వచ్చింది. చేతికి మట్టి అంటుకున్న మనిషి రాసిన పేజీ ఒక్కటి దొరికితే చాలు నాకు, ఎందుకు తగ్గింది, ఎందుకు మళ్ళీ వచ్చింది అన్నది వాళ్ళకి తెలిసి ఉంటుంది.

ఇదివరకు అలాంటివి అప్పుడప్పుడు తగిలేవి. తగిలినప్పుడల్లా ఒక యాప్‌లో దాచుకునేదాన్ని. ఆ యాప్‌ని మూసేశారు, లింకులు దించుకోవడానికి గడువిచ్చారు గానీ అప్పుడే మా బాబుకి జ్వరం, నేను ఆ మాటే మర్చిపోయాను. ఆరేళ్ళ లింకులు పోయాయి.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 180 మంది ఉన్నారు. ఫొటో పెడితే గంటలో గుడ్‌మార్నింగ్ పువ్వుల కింద మునిగిపోతుంది. పక్క ఫ్లాటు ఆంటీకి మొక్కలంటే ప్రాణం, కానీ ఆవిడ ఏడాదిలో ఆర్నెల్లు కొడుకు దగ్గరే ఉంటారు.

నాకు సైట్లు కావాలి, అంతకంటే మనుషులు కావాలి. మీకెలా దొరికారో చెప్పండి. యాప్ పేరు చెప్పి వదిలేయకండి, లోపలికి వెళ్ళాక ఏం నొక్కాలో కూడా చెప్పండి.

ఎస్పీరోడ్డు_రేడియో:

అమ్మా, నేను ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, మొక్కల సంగతి నాకు తెలియదు. కానీ మీరడిగిన రెండో సంగతి, మనుషులు దొరకడం, అది నాకు జరిగింది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

2003లో డెలీషియస్ అని ఒక సైటు వచ్చింది. మన బుక్‌మార్కులు మన కంప్యూటర్లో కాకుండా అందరికీ కనిపించేలా అక్కడ పెట్టుకోవడం, ప్రతి లింకుకీ మనకి తోచిన రెండు మూడు మాటలు ట్యాగులుగా తగిలించడం, దాని పని అంతే. పైకి చూస్తే ఏమీ లేదు. అసలు సంగతంతా లింకు పక్కనుండే అంకెలో ఉండేది. ఆ పేజీని ఇంకా ఎంతమంది దాచుకున్నారో ఆ అంకె చెప్పేది, దాని మీద నొక్కితే వాళ్ళ పేర్లొచ్చేవి, పేరు మీద నొక్కితే ఆ మనిషి ఏళ్ళ తరబడి ఏరుకున్నవన్నీ వరసగా కనిపించేవి. వేలమంది దాచుకున్న లింకుతో మనకి ఒరిగేదేమీ లేదు, అది ఎలాగూ మన చెవిన పడుతుంది. నలుగురే దాచుకున్న లింకుంది చూశారూ, ఆ నలుగురూ మనవాళ్ళు.

నాకప్పుడు పాత వాల్వు రేడియోలు బాగుచేసే పిచ్చి పట్టింది. మా నాన్నగారి రేడియో ఒకటి నెల్లూరు నుంచి మోసుకొచ్చాను, ఆన్ చేస్తే గుర్రుమని ఒకటే శబ్దం. పాడైన కెపాసిటర్లు మార్చే విధానం ఎవరో ముసలాయన శ్రద్ధగా రాసిన పేజీ ఒకటి దొరికింది. దాచుకుంటే పక్కన 5 అని కనపడింది. ఆ ఐదుగురి పేర్లూ ఒక్కొక్కటే తెరిచి చూస్తుంటే, ఒకాయన ట్యాగుల్లో "ఎస్పీరోడ్" అని ఉంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డు పేరు లోకంలో ఇంకెవరు ట్యాగుగా పెట్టుకుంటారు! వెంటనే మెయిల్ పెట్టాను. ఆయనది మల్లేశ్వరం. ఆ శనివారమే కలిశాం, నా రేడియో ఆయన బల్ల మీదే మళ్ళీ పాడింది. ఇవాళ్టికీ నెలకోసారి కలుస్తాం.

డెలీషియస్‌ని 2005 డిసెంబరులో యాహూ కొన్నది, తర్వాత చేతులు మారి 2017లో పిన్‌బోర్డ్ దగ్గరికి చేరింది, అక్కడితో దాని కథ అయిపోయింది. ఒక్క బొత్తాం నొక్కితే మన ఇష్టాలకి తగ్గ సైటు ఏదో ఒకటి తెరిచే స్టంబుల్‌అపాన్ కూడా 2018 జూన్ 30తో ఆగింది. అయితే పద్ధతి పోలేదు. అరీనా (Are.na) అని లింకులు దాచుకునే సైటు ఒకటుంది, అందులో మనం దాచుకున్న లింకు తెరిస్తే అదే లింకు ఇంకా ఎవరెవరి ఛానెళ్ళలో ఉందో చూపిస్తుంది, అక్కడి నుంచి ఆ ఛానెల్ మనిషి దగ్గరికి వెళ్ళొచ్చు. రెడిట్‌లో అయితే మీకు బాగా నచ్చిన పేజీ అడ్రసునే వెతికే చోట అతికించండి. ఎవరో ఎప్పుడో ఆ పేజీని ఎవరికో చూపించి ఉంటారు. ఆ చూపించినవాళ్ళ పేరు నొక్కి, వాళ్ళు రాసిన పాత సమాధానాలు ఒక పది చదవండి. చదివాక మీకే తెలిసిపోతుంది ఈ మనిషి చేసి రాస్తున్నాడా, విని రాస్తున్నాడా అని.

పోయిన లింకుల గురించి బాధపడకండి. గుర్తున్న ఒక్క మంచి పేజీ చాలు, దాని అడ్రసుతో మొదలుపెట్టండి. ఆ సైటే మూతపడి ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో అడ్రసు వేసి చూడండి, పాత ప్రతి ఉండే అవకాశముంది. ఇకమీదట ఎందులో దాచుకున్నా నెలకోసారి మొత్తం ఒక ఫైలుగా దించి పెట్టుకోండి. చాలావాటిలో సెట్టింగ్స్‌లో "ఎక్స్‌పోర్ట్" అని ఉంటుంది.

వేళచ్చేరి_మేడమీద:

అక్కా, నేను చెన్నైలో ఉంటాను, మేడ మీద డ్రమ్ములో జామచెట్టు పెంచుతున్నాను. మీ పిండినల్లి మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. వేపనూనె ఇంకోసారి చల్లేముందు దయచేసి ఇది చదవండి.

నాకూ ఇలాగే ఆకుల వెనక దూది అతికించినట్టు తెల్లగా పట్టింది. రోజూ పొద్దున పాత టూత్‌బ్రష్ తడిపి తోమేసేదాన్ని. ఒకరోజు ఒకటి బ్రష్ తగలగానే పరుగు తీసింది. పిండినల్లి ఉన్నచోటనే అంటుకుని ఉంటుంది, కదిలినా చాలా మెల్లగా కదులుతుంది, ఇది మాత్రం కొమ్మ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళిపోయింది. ఫోన్‌కి చిన్న లెన్సు పెట్టి ఫొటో తీసి, మొక్కలు, పురుగుల ఫొటోలు పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్పే ఐనాచురలిస్ట్ సైటులో "పిండినల్లి" అనే పెట్టాను. తెల్లారేసరికి ఒకాయన రాశారు, ఇది పిండినల్లి కాదు, పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల అని. పేరు క్రిప్టోలీమస్. ఆస్ట్రేలియా పురుగు, పంటల్ని పాడుచేసే పురుగుల్ని తింటుందనే మన దేశానికి తెచ్చారు. పిల్లగా ఉన్నప్పుడు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది, కాకపోతే దానికంటే బాగా పెద్దది. పెద్దయ్యాక నల్లటి వీపు, నారింజ రంగు తల. రెండు నెలలుగా నాకు సాయం చేస్తున్నవాటినే తోమి చంపానని తెలిసి నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత ఆయన పేరు నొక్కాను. వందల ఫొటోలకి ఓపిగ్గా పేర్లు చెప్పి ఉన్నారు, కొన్నిటి కింద లింకులు కూడా. వాటిలో ఒకటి మీ ఊరిదే, హెబ్బాళలో ఉన్న జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో వాళ్ళది. మన పంటల మీద కనిపించే పురుగులు, వాటిని తినే పురుగులు ఫొటోలతో సహా ఉన్నాయందులో. నేను ఎన్నిసార్లు వెతికినా ఈ సైటు ఒక్కసారి కూడా తగల్లేదు. మనిషి ద్వారానే దొరికింది.

ఏం నొక్కాలో అడిగారు కదా. ఐనాచురలిస్ట్‌లో ఏ పురుగు పేజీ తెరిచినా దాన్ని ఎక్కువసార్లు గుర్తుపట్టినవాళ్ళ పేరు అక్కడే ఉంటుంది. పటంలో బెంగళూరు మీదకి జూమ్ చేస్తే మీ చుట్టుపక్కల ఎవరు ఏం ఫొటో తీశారో చుక్కలు కనిపిస్తాయి, ఒక్కో చుక్క వెనక ఒక మనిషి. నచ్చినవాళ్ళని ఫాలో అవండి. ఇంకోటి, అడగడం ఒక్కటే చేస్తే అక్కడ ఎవరూ దగ్గరవరు. కొత్తవాళ్ళు పెట్టిన ఫొటోల్లో మీకు తెలిసిన గోంగూరో తంగేడో ఉంటే పేరు చెప్పండి. నేను వారం రోజులు అలా చెప్పాకే ఇద్దరు ముగ్గురు నాతో మాట కలిపారు.

చీమల్ని కూడా చూసుకోండి. పిండినల్లి విడిచే తియ్యటి జిగురు కోసం అవి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుని రానివ్వవు. వేపనూనె పోసినా మళ్ళీ మళ్ళీ వస్తోందంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

కోరమంగళ_రాత్రిషిఫ్ట్:

పైన ఇద్దరూ బాగా చెప్పారు గానీ ఒక్క విషయం దగ్గర నేను ఒప్పుకోను. మీరు చెప్పిన సైట్లలో తెలుగువాళ్ళం చాలా తక్కువమందిమి, మనవాళ్ళు ఎక్కువగా ఫేస్‌బుక్ గ్రూపుల్లోనూ యూట్యూబ్ కామెంట్లలోనూ ఉన్నారు. కాబట్టి మనం పెట్టే మాట మారాలి. "టెర్రస్ గార్డెన్" అని వెతికితే షాపులే వస్తాయి. తెలుగు లిపిలో "మిద్దెతోట" అని కొట్టి చూడండి, వేరే లోకం కనిపిస్తుంది, సొంతంగా పండించుకునేవాళ్ళే ఆ మాట వాడతారు. మీరు బెంగళూరులో ఉన్నారు కాబట్టి కన్నడ లిపిలో "కైతోట", చెన్నై వాళ్ళయితే తమిళంలో "మాడి తోట్టం". చదవడం రాకపోయినా ఫోనే అనువదించి పెడుతుంది. ట్యాగు అంటే అదే కదా, పని చేసేవాళ్ళు తమలో తాము వాడుకునే మాట.

పెద్ద గ్రూపులో పోస్టులు వదిలేసి కామెంట్లు చదవండి. ఎవరి సమాధానంలో కుండీ సైజు, ఎన్ని రోజులు, ఏ నెల అని ఉంటుందో వాళ్ళని గుర్తుపెట్టుకోండి. తెలుగు బ్లాగులన్నీ కూడలి అనే సైటులో ఒకచోట కనిపించిన రోజుల్లో కూడా నాకు మంచి బ్లాగులు దొరికింది వేరేవాళ్ళ బ్లాగు కింద కామెంట్ల నుంచే. దొరికినవాటిని ఫీడ్లీలోనో ఐనోరీడర్‌లోనో చేర్చుకుంటే కొత్తది రాసినప్పుడల్లా మీ దగ్గరికే వస్తుంది. తెలుగు వికీపీడియాలో కూడా ఇంతే, వ్యాసం పైన "చరిత్ర" నొక్కితే ఎవరు రాశారో ఉంటుంది, వాళ్ళ చర్చాపేజీలో అడగొచ్చు. లేదంటే రచ్చబండ ఉండనే ఉంది, అక్కడ అందరినీ అడగొచ్చు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

అందరూ మంచి మాటలే చెప్పారు, ఒక్కటి మాత్రం ఎవరూ అనలేదు. బాల్కనీలో తీసిన ఫొటో పెడితే మీ ఇంటి చోటు కూడా పటంలోకి వెళ్తుంది. ఐనాచురలిస్ట్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు లొకేషన్ దగ్గర "అబ్‌స్క్యూర్డ్" అని పెట్టుకోండి, అప్పుడు చుక్క దాదాపు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో పడుతుంది. నేను నాలుగు నెలలు ఇది తెలియక మా బిల్డింగ్ మీదే చుక్కలు పెట్టాను. ఎవరైనా కలుద్దామంటే మొదటిసారి ఇంటికి పిలవకండి. లాల్‌బాగ్ పూల ప్రదర్శన ఉంది, జనవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. లేదంటే మిద్దెతోటల వాళ్ళ సంత "ఊట ఫ్రమ్ యువర్ తోట" ఎప్పుడు పెడతారో చూసుకోండి. కన్నడంలో ఊట అంటే భోజనం. విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటారు, మాటలు వాటంతటవే కలుస్తాయి.

మూడో_అంతస్తు_మందారం:

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి. వేళచ్చేరి చెల్లీ, నీ మాట విని వేపనూనె ఆపేశాను. బాబు భూతద్దం తీసుకుని మందారం కొమ్మలు ఒక్కొక్కటే చూశాం. మూడో కుండీలో మొగ్గ తొడిమ దగ్గర తెల్లగా, పోగులు పోగులుగా, వేలి గోరు సగం పొడవున ఒకటి ఉంది. అగ్గిపుల్లతో ముట్టుకున్నాను. పరుగు తీసింది! బాబు గట్టిగా అరిచాడు. అదే కొమ్మ మీద ఇంకో రెండున్నాయి.

లొకేషన్ దాచి ఫొటో పెట్టాను. రాత్రికల్లా ఇద్దరు క్రిప్టోలీమస్ అని చెప్పారు. అందులో ఒకావిడ పాత ఫొటోలు చూస్తే అన్నీ కుండీ మొక్కలే, ఒకదాని కింద "గోంగూర" అని తెలుగులో రాసి ఉంది. ఎస్పీ రోడ్డు గారూ, మీ ట్యాగు కథే గుర్తొచ్చింది. తెలుగులోనే పలకరించాను. వాళ్ళది కర్నూలు, ఇక్కడ కసవనహళ్ళిలో ఉంటారట, మా ఇంటికి అరగంట. కుండీల అంచులకి చీమలు ఎక్కకుండా ఏం చేయాలో ఆవిడే చెప్పారు, స్టాండు కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టమని. నిన్న పెట్టాను. ఆవిడ దాచుకున్న లింకుల జాబితా కూడా పంపారు, 60కి పైనే ఉన్నాయి, రాత్రి ఒంటిగంట దాకా చదువుతూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున లాల్‌బాగ్ అద్దాల మేడ దగ్గర కలుస్తున్నాం. మా ఇంటి గోంగూర విత్తనాలు పొట్లం కట్టి పెట్టాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

ఎర్ర గోంగూరేనా? అయితే నేనూ వస్తాను, ఒక పొట్లం నాకోసం ఉంచండి. ఎన్నింటికి?

మూడో_అంతస్తు_మందారం:

ఎర్రదేనండీ. ఏడున్నరకి. మీకూ ఒక పొట్లం కడుతున్నాను.