మాయను కణాలు ‘సహిస్తాయా’, ‘ఊరుకుంటాయా’?

ప్రశ్న: సైన్స్ పేజీకి వ్యాసం రాస్తున్నా. మాయ (గర్భంలో బిడ్డకు తిండి అందించే ప్లాసెంటా) ముక్కల్ని రోగనిరోధక కణాలతో కలిపి ల్యాబులో ఉంచితే ఏమవుతుందన్నది విషయం. బిడ్డలో సగం తండ్రి వాటా కాబట్టి మాయ తల్లి ఒంటికి సగం పరాయిదే. అయినా కణాలు మీదపడవు. ‘చూసీచూడనట్టు ఊరుకుంటాయి’ అని రాస్తే డెస్కులో ‘సహిస్తాయి’ అని దిద్దారు. ఏది నయం?

జవాబు: ‘సహిస్తాయి’ వద్దండీ, అత్తారింట్లో కోడలి గురించి చెప్పినట్టుంది. హబ్సిగూడలో నా పని కణాల కల్చరే. మీ మాట బాగుంది కానీ మాయ అంతటికీ అతకదు. తల్లి రక్తం తగిలే పైపొర మీద హెచ్‌ఎల్‌ఏ గుర్తులే, అంటే కణం మనదో పరాయిదో చెప్పే ప్రోటీన్లే, ఉండవు. ఆ గుర్తుల్ని చూసి పరాయిదాన్ని పట్టే తెల్లకణం టీ కణం. అది తనకు కనబడనిదాన్ని చూసీచూడనట్టు ఎలా వదిలేస్తుంది? గర్భాశయం గోడలోకి చొచ్చుకెళ్లే కణాల మీద మాత్రం హెచ్‌ఎల్‌ఏ-జి అనే రకం గుర్తు ఉంటుంది. నేచురల్ కిల్లర్ కణం (తేడా కణాల్ని చంపే మరో తెల్లకణం) దాన్ని గుర్తుపట్టి, ఎత్తిన చెయ్యి దించుతుంది. అక్కడ మీ మాట సరిగ్గా సరిపోతుంది. హెచ్‌ఎల్‌ఏ లేని కె562 కణాల్ని (ల్యాబులో పెంచే రక్తక్యాన్సర్ కణాలివి) కిల్లర్ కణాలతో కలిపి 37 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచితే బాగా చస్తాయి. వాటికే హెచ్‌ఎల్‌ఏ-జి జన్యువు పెడితే చావులు తగ్గుతాయి.

ప్రశ్న: మరి గుర్తులే లేని పైపొరను కిల్లర్ కణాలు చంపాలి కదా మేడమ్?

జవాబు: గుర్తు లేకపోవడం ఒక్కటే చాలదు, రెచ్చగొట్టే సంకేతం కూడా అందాలి.

ఇంకొకరు: రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివినోణ్ణి, నాదో మాట. ఆవు విషయంలో ‘ఊరుకుంటాయి’ అని రాస్తే రోగమని అర్థం! ఈనినంక మాయ ఊడి పడాలంటే తెల్లకణాలు దాన్ని పరాయిదని పట్టుకోవాలె. ఆవుకూ దూడకూ గుర్తులు మరీ కలిస్తే మాయ నిలిచిపోయే అవకాశం ఎక్కువ. మాయ పడని ఆవుల న్యూట్రోఫిల్స్‌ను (ఒక రకం తెల్లకణాలు) ల్యాబులో మాయ సారం దగ్గర పెట్టి చూసిన్రు. మామూలు ఆవుల కణాలంత చురుగ్గా అటు కదల్లే. 12 గంటలు దాటినా పడకపోతే మా దిక్కు రైతులు ‘మాయ పడలే’ అని ఫోన్ చేస్తరు. చేత్తో గుంజొద్దని చెప్పుడే మా మొదటి పని.

ప్రశ్న: అన్నా, ఇది బాక్సుగా పెట్టేస్తా. డెస్కుకు ‘గుర్తుపట్టి ఆగుతాయి’ అని పంపుతున్నా.

జవాబు: పైపొర వాక్యం విడిగా రాయండి, మళ్లీ కలిపేయకండి.