శ్రీశైలానికి ఒకే రోజు బైక్ రైడ్: వానాకాలపు ఆదివారాల్లో మానుకోవాలా?

ఘాట్_బాటసారి:
మా రైడర్ల బృందంలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్నను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి సుమారు 215 కిలోమీటర్లు. తుక్కుగూడ దాటాక కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు వరకు పొలాలూ ఊళ్ళే కనిపిస్తాయి. అక్కడ నల్లమల మొదలవుతుంది. ఈగలపెంట దాటాక రోడ్డు మలుపు మీద మలుపుగా కృష్ణ లోయలోకి దిగి, ఆనకట్టకు దిగువన వంతెన దాటి, లింగాలగట్టు దగ్గర నుంచి మళ్ళీ సున్నిపెంటకు ఎక్కుతుంది. జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి చేరువై గేట్లు ఎత్తిన రోజున, ఆ దిగుడులో నిలబడి కొండల మధ్య దూకే నీటిని చూడటం కోసమే మనలో చాలామంది తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుకుంటారు. ఈ దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది కనుక రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు దగ్గర గేటు వేసి మూసివేస్తారు. జులై నుంచి సెప్టెంబరు వరకు ఈ ఒక్కరోజు రైడ్లను బృందాలు తమంతట తామే మానుకోవాలన్న వాదన వచ్చింది. మానుకోనక్కర్లేదు, పద్ధతి మార్చుకుంటే చాలునని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఆదివారం_రైడర్:
అడవి రోడ్డు గేటు సమయం ప్రభుత్వం పెట్టింది. ఆ సమయానికి లోబడి వెళ్ళి వచ్చేవాడిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. ఉదయం నాలుగున్నరకు బయలుదేరితే మన్ననూరులో ఇడ్లీ తిని, పదకొండు గంటలకల్లా ఆనకట్ట దగ్గర ఉండవచ్చు. స్వామి దర్శనం పెట్టుకోకపోతే మధ్యాహ్నం మూడింటికి తిరుగు ప్రయాణం మొదలుపెట్టవచ్చు. ఇందులో అడవికి జరిగే నష్టం ఏమిటో ఎవరైనా స్పష్టంగా చెప్పాలి.

పాత_బుల్లెట్:
నష్టం సైలెన్సర్ వల్ల జరుగుతోంది. ఒక రోజు రైడా, రెండు రోజుల రైడా అన్నది అసలు విషయమే కాదు. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ విప్పేసి వేరేది బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చెల్లదు. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చిన వాహనాన్ని అనుమతించరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ముందు మన బృందాల్లోని అలాంటి బళ్ళను పక్కన పెడదాం, తరువాత మిగతాది మాట్లాడుకుందాం.

డిండి_గట్టు:
మా ఊరి మీదుగా ఆదివారం ఉదయం ఆరింటికే ఆ మోత మొదలవుతుంది. బుల్లెట్ గారు చెప్పింది నిజం.

మన్ననూరు_వాసి:
ఆదివారం_రైడర్ గారు నష్టమేమిటో స్పష్టంగా చెప్పమన్నారు కనుక చెబుతున్నాను. మూడింటికి తిరుగు ప్రయాణమని మీరు రాసినది కాగితం మీది లెక్క. గేట్లు ఎత్తిన ఆదివారం నాడు ఘాట్ రోడ్డు మీద కార్లు రెండు వైపులా ఆగిపోయి, బస్సులు మలుపు తిరగలేక నిలిచిపోతాయి. బైకు సందులోంచి దూరి వెళ్ళగలదు కాబట్టి, ఆలస్యమైనా ఫరవాలేదన్న ధీమాతో కుర్రవాళ్ళు అక్కడే కూర్చుంటారు. ఆరు దాటాక గేటు గుర్తుకు వస్తుంది. శ్రీశైలం వైపు చెక్‌పోస్టు ఉన్న దోమలపెంట నుంచి మన్ననూరు వైపు ఆ తరువాత పరుగు మొదలవుతుంది. తొమ్మిదికి మూసే గేటు జంతువులకు మేలు చేయడానికి పెట్టినదే అయినా, దాన్ని అందుకోవాలన్న తొందరే మసకచీకట్లో బళ్ళ వేగాన్ని పెంచుతోంది.

మా తమ్ముడు గత వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం మోపెడ్ మీద ఇంటికి వస్తుండగా, మలుపులో కారును దాటబోయిన బైకు ఎదురుగా రావడంతో తప్పించుకోబోయి రోడ్డు దిగి పడ్డాడు. కాలు విరిగింది. ఆ బైకు ఆగలేదు. వెనుక వచ్చిన వాళ్ళ బృందం కూడా ఆగలేదు. అచ్చంపేట నుంచి అంబులెన్స్ వచ్చేదాకా వాడు గట్టు మీదే పడి ఉన్నాడు. ఇప్పటికీ కుంటుతూ నడుస్తున్నాడు.

ఆదివారం_రైడర్:
మీ తమ్ముడికి జరిగినదానికి నిజంగా బాధపడుతున్నాను. అయితే ఒకడు మలుపులో ఓవర్‌టేక్ చేసినందుకు బైకు నడిపే వాళ్ళందరినీ దోషులను చేయడం న్యాయం కాదు. ఆ కారును నడిపినవాడు నిదానంగా పోతున్నాడో, రోడ్డు మధ్యలో పోతున్నాడో మనకు తెలియదు కదా.

మన్ననూరు_వాసి:
కారు సంగతి మీరెందుకు తెచ్చారో నాకు అర్థం కాలేదు. కాలు విరిగినది కారు వల్ల కాదు.

జంతుశాస్త్రం_విద్యార్థి:
ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. అమ్రాబాద్‌లో సఫారీని జులై నుంచి సెప్టెంబరు వరకు నిలిపివేస్తారు. వానాకాలంలో అడవి జీవాలను కలత పెట్టకూడదన్నదే దాని ఉద్దేశం. అదే మూడు నెలల్లో డ్యాం గేట్లు ఎత్తుతారు, అప్పుడే రహదారి మీద రద్దీ అన్నిటికంటే ఎక్కువ. వానలకు రోడ్డు అంచున లేత గడ్డి మొలుస్తుంది కాబట్టి దుప్పులూ కణితులూ సాయంత్రం అక్కడికే మేతకు వస్తాయి. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపినప్పుడు కూడా జంతు మరణాలే కారణంగా చూపారు. సమస్య తొమ్మిది తరువాతిది మాత్రమే కాదు. ఆగస్టులో ఆరున్నర దాటాక పొద్దు వాలుతుంది. అక్కడి నుంచి గేటు మూసేదాకా ఉన్న రెండు గంటలకు పైబడిన చీకటిలో రోడ్డు తెరిచే ఉంటుంది. కోతులకు అరటిపళ్ళు వేయడం కూడా దయచేసి మానండి. అవి రోడ్డుకు అలవాటుపడి చక్రాల కింద పడుతున్నాయి.

ఘాట్_బాటసారి:
ఇది ఉపయోగపడే మాట. సాయంత్రం నాలుగుకల్లా దోమలపెంట చెక్‌పోస్టు దాటి అడవిలో ఉండాలి, వెలుతురు ఉండగానే మన్ననూరు దిగాలి అన్న నియమం బృందాలు పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. ఒక్కో గుంపులో ఐదారు బళ్ళకు మించకుండా, గుంపుకూ గుంపుకూ మధ్య పావుగంట ఎడం ఉండేలా చూసుకోవాలి. ఆలస్యమైనవాళ్ళు సున్నిపెంటలోనో శ్రీశైలంలోనో రాత్రికి ఆగిపోవాలి.

పాత_బుల్లెట్:
సైలెన్సర్ తనిఖీని కూడా ఆ నియమాల్లో చేర్చండి.

ఆదివారం_రైడర్:
రాత్రికి ఆగిపోవాలట! బాటసారి గారికి శనివారం సెలవు ఉంటుందని నాకు తెలుసు. నేను మందుల దుకాణంలో పని చేస్తాను. వారానికి ఒక్క ఆదివారమే నాది, సోమవారం ఉదయం తొమ్మిదికి షట్టర్ ఎత్తాలి. అద్దెకు గది తీసుకుంటే పెట్రోలు ఖర్చుకు రెట్టింపు అవుతుంది. 125 సీసీ బండి మీద వెళ్ళి ఆ లోయను చూసి వచ్చేవాడిని ఆగమంటున్నారు. అదే రోజు అదే రోడ్డు మీద ఏసీ కారులో పోయేవాడిని ఎవరూ ఆగమనరు. కారు హారన్ పులికి వినపడదా? కారు చక్రం కింద దుప్పి పడదా? ఒక్కరోజు రైడ్ మానుకోవాలన్న మాటకు అర్థం, రెండు రోజులు ఖర్చు పెట్టగలవాళ్ళే నల్లమలను చూడాలని. నేను దీన్ని ఒప్పుకోను. అడవి ఎవరి సొత్తూ కాదు.

డిండి_గట్టు:
కార్ల విషయంలో ఆయన అడిగింది సరైనదే.

మన్ననూరు_వాసి:
అడవి ఎవరి సొత్తూ కాదని చాలా తేలికగా అన్నారు. ఆ మాటను మా వాళ్ళతో అంటే ఏమవుతుందో చెబుతాను. పులుల అభయారణ్యం లోపలి ఊళ్ళనూ చెంచు గిరిజనుల గూడేలైన పెంటలనూ బయటికి తరలించాలన్న ప్రతిపాదన ఏళ్ళ తరబడి నడుస్తోంది. కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది, ఇష్టపడి వెళ్ళేవాళ్ళే వెళ్ళవచ్చని అంటారు. కానీ తేనె, దుంపలు, జిగురు ఏరుకుని బతికినవాడిని రోజూ వచ్చి అడుగుతూ ఉంటే అతనికి మిగిలే ఇష్టం ఎంత? పులి కోసం అతను తాత ముత్తాతలు తిరిగిన చోటును వదులుకోవాలి. మేము పశువులను లోపలికి తోలకూడదు, కట్టెలకు వెళ్ళకూడదు, చీకటి పడ్డాక రోడ్డు మీదికి రాకూడదు. ఇవన్నీ మంచికేనని చెబితే మేము చాలావరకు విన్నాం. మరి అదే పులి కోసం హైదరాబాదువాళ్ళను వానాకాలపు ఆదివారాలు కొన్ని వదులుకోమంటే మాత్రం అది మీ హక్కు మీద దెబ్బ ఎలా అవుతుంది? సైలెన్సర్ గురించీ, గేటు సమయం గురించీ, ఓవర్‌టేక్ గురించీ ఇంతసేపు మాట్లాడాం. నేను అడుగుతున్నది ఒక్కటే. ఈ అడవి కోసం మీరు ఏమి వదులుకుంటారు?

జంతుశాస్త్రం_విద్యార్థి:
ఒక్క మాట. 2,611 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో రహదారి ఒక సన్నని గీతే అయినా, దాని రెండు వైపులా జంతువులు మసలే తీరు మారుతుంది. తరలింపు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. అందులో నేను మన్ననూరు_వాసి గారి పక్షానే ఉన్నాను.

ఆదివారం_రైడర్:
మిమ్మల్ని తరలించమన్నది నేను కాదు. ఆ కోపాన్ని నా మీద ఎందుకు తీర్చుకుంటారు? మీ పెంటలు అక్కడే ఉండాలని నేను కూడా అంటాను. మీకు అన్యాయం జరిగింది కాబట్టి నాకు ఆదివారం ఉండకూడదనడం న్యాయమవుతుందా? మా నాన్న లారీ క్లీనరుగా పనిచేసి ఆ ఘాట్‌ను చీకట్లో తప్ప చూడలేదు. పగటి వెలుతురులో ఆయనను వెనుక కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళినప్పుడు, లింగాలగట్టు వంతెన మీద బండి ఆపమని ఆయనే అడిగి, చాలాసేపు ఆనకట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను రేసుకు రాను. నా బండికి కంపెనీ సైలెన్సరే ఉంది.

ఘాట్_బాటసారి:
ఇద్దరూ ఒక్క క్షణం ఆగండి. మేము తీసుకున్న నిర్ణయం చెబుతున్నాను. సెప్టెంబరు నెలాఖరు వరకు మా బృందం పేరుతో ఆదివారపు రైడ్ ఉండదు. గేట్లు ఎత్తిన రోజున ఎవరైనా విడిగా వెళ్ళదలచుకుంటే, రద్దీ తక్కువగా ఉండే పనిరోజుల్లో వెళ్ళి సాయంత్రం నాలుగు గంటల నియమం పాటించమని కోరుతున్నాను. అక్టోబరులో మళ్ళీ మొదలుపెడతాం. ఆదివారం_రైడర్ గారికి పనిరోజు సెలవు దొరకదని తెలుసు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

పాత_బుల్లెట్:
అక్టోబరు రైడ్‌కు ముందు రోజు నా షెడ్డుకు బళ్ళు తీసుకురండి. మార్చిన సైలెన్సర్లు ఉచితంగా విప్పి పాతవి బిగిస్తాను.

మన్ననూరు_వాసి:
బాటసారి గారికి కృతజ్ఞతలు. అక్టోబరులో వచ్చినప్పుడు, మలుపులో ఎవరైనా పడి ఉంటే ఆగాలన్నది కూడా నియమంగా రాసుకోండి.

ఆదివారం_రైడర్:
ఆగాలన్న నియమానికి నా పూర్తి మద్దతు. నేను మాత్రం వచ్చే ఆదివారం ఒంటరిగా వెళుతున్నాను. మూడింటికల్లా దోమలపెంట దాటుతాను. కార్లను ఆపే రోజున నేనూ ఆగుతాను.

మన్ననూరు_వాసి:
కార్లను ఆపమని మేము కూడా అర్జీ పెడతాం. మీరు సంతకం చేస్తారా?

ఆదివారం_రైడర్:
చేస్తాను. మన్ననూరులో టిఫిన్‌కు ఆగినప్పుడు కాగితం తీసుకురండి.